ట్యూబు మీది ఎర్ర గీత

ముప్పయ్యేళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నాను. రుణపత్రం మీద ఎంత చిన్న అక్షరం ఉన్నా చదవనిదే సంతకం పెట్టను, ఖాతాదారు చేత పెట్టించను. ఈ విషయంలో మా బ్రాంచిలో నాకు చాదస్తుడన్న పేరు కూడా ఉంది. అలాంటి నేను 2023 జూన్ మొదలు 2025 జనవరి దాకా నెలకొకటి చొప్పున మందుల షాపులో ఒక ట్యూబు కొని మా రెండో అమ్మాయి చేతికి ఇచ్చాను. దాని మీద ఏం రాసి ఉందో ఒక్కనాడూ చదవలేదు.

ఆ ట్యూబు మా ఇంటికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మేము మూడు తరాలుగా బరంపురంలో ఉంటున్నాం. పిల్లలకు సంబంధాలు మాత్రం ఇప్పటికీ శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచే చూసుకుంటాం. ఆ వేసవిలో ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బుద్ధిమంతుడు, పెద్దవాళ్ళూ మర్యాదస్తులే. కాఫీలు అయ్యాక బయలుదేరుతూ వాళ్ళ పెద్దావిడ గుమ్మం దగ్గర మా ఆవిడతో, "పిల్ల లక్షణంగా ఉంది వదినగారూ. ఛాయ కొంచెం తక్కువ, అంతే" అన్నారట. ఆ 'అంతే' అన్న మాట మా ఇంట్లో వారం రోజులు తిరిగింది. మన వాళ్ళకు అందం అనగానే 'ఎర్రగా బుర్రగా' అన్న మాటే నోటికి వస్తుంది. చామనఛాయ అన్నది ఎంత చక్కని మాట! దాన్ని కూడా తక్కువ మార్కులు వేసినట్టే వాడుతున్నాం.

పక్క వీధిలో తెలిసినావిడ తన కోడలు రాసుకునే క్రీము డబ్బా ఒకటి ఇచ్చి, ఇది వాడి చూడండి అన్నారు. మర్నాడు బ్యాంకు నుంచి వస్తూ ఆ డబ్బా షాపులో చూపించాను. కౌంటర్లో కుర్రాడు వెనక్కి తిరగకుండానే చేయి చాచి ట్యూబు తీసి ఇచ్చాడు. డాక్టరు చీటీ అతను అడగలేదు, నేను ఇవ్వలేదు. ఖరీదు కూడా ఒక పూట హోటల్లో టిఫిను చేసినంత.

మూడు వారాల్లో అమ్మాయి ముఖం తెల్లబడింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాను, దాచుకోవడం దేనికి. ఆరో నెలకు బుగ్గలు గులాబీ రంగులోకి వచ్చాయి. అది కూడా ఆరోగ్యమే అనుకున్నాం. తరువాత ఎండలోకి వెళితే ముఖం మండిపోతోందని, వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నానని అనడం మొదలుపెట్టింది. గడ్డం చుట్టూ సన్నని మొటిమలు వచ్చాయి. బుగ్గల మీద నూగు పెరిగింది. భయపడి నాలుగు రోజులు క్రీము మానేసింది. ఐదో రోజు పొద్దున్న ముఖం ఉబ్బి, కుంకుమ పూసినట్టు ఎర్రబడి, నీళ్ళు తగిలినా ఓర్చుకోలేక ఏడ్చింది. ఏమీ తోచక మళ్ళీ ఆ క్రీమే రాసింది. సాయంత్రానికి చల్లబడింది. "చూశారా, మానకూడదు" అనుకుని నేను ఇంకో ట్యూబు తెచ్చాను.

బ్యాంకుల్లో ఒక దొంగ పద్ధతి ఉంది. పాత అప్పు వసూలు కాకపోతే, దాన్ని తీర్చడానికి అదే మనిషికి కొత్త అప్పు ఇచ్చి, ఖాతా బ్రహ్మాండంగా ఉందని పుస్తకాల్లో చూపిస్తారు. తనిఖీకి వచ్చిన రోజున మొత్తం బయటపడుతుంది. మా అమ్మాయి ముఖం మీద నేను చేసింది సరిగ్గా అదే. ఆ సంగతి 2025 ఫిబ్రవరిలో తెలిసింది.

నాతో ఒకే బ్రాంచిలో పనిచేసి రిటైరైన మిత్రుడి కూతురు చర్మవ్యాధుల డాక్టరు. మన తెలుగమ్మాయే. పేరు వేయవద్దన్నారు కనుక డాక్టరమ్మ అనే అంటాను. ఫోను చేస్తే, "బాబాయిగారూ, చెల్లాయి ముఖానికి ఇంతవరకు ఏమేం రాసిందో అన్నీ ఒక సంచిలో వేసుకుని రండి, ఖాళీ ట్యూబులైనా సరే" అన్నారు. పాఠకులు ఎవరైనా చర్మ డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి. పేరు చెప్పలేని మందును సంచి చెబుతుంది.

ఆమె భూతద్దం లాంటి పరికరం అమ్మాయి బుగ్గకు ఆనించి, తెర మీద నన్ను చూడమన్నారు. సన్నని ఎర్రదారాలు అల్లిబిల్లిగా కనిపించాయి. అవి రక్తనాళాలు. మామూలుగా పైకి కనిపించవు, చర్మం పలచబడిపోతే కనిపిస్తాయి. తరువాత ట్యూబును నా చేతికి ఇచ్చి చదవమన్నారు. కళ్ళజోడు సర్దుకుని చదివాను. నిలువుగా ఒక ఎర్ర గీత. దాని పక్కన, ఇది షెడ్యూల్ హెచ్ మందు అని, రిజిస్టరైన వైద్యుడి చీటీ లేకుండా చిల్లరగా అమ్మరాదని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. దాని కింద మూడు మందుల పేర్లు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్.

"ఇది సౌందర్య సాధనం కాదు బాబాయిగారూ, మందు. మంగు మచ్చలకు ఇస్తాం, అదీ కొద్ది వారాలు, రాత్రి పూట, మచ్చ ఉన్నంత మేరకే. ఇరవై నెలలు ముఖమంతా పూయడానికి కాదు" అన్నారు డాక్టరమ్మ.

ఈ మూడింటి సంగతీ వివరంగా రాస్తాను. చాలా ఇళ్ళలో బీరువా అద్దం ముందు ఇలాంటి ట్యూబులు ఉన్నాయని నాకు తరువాత తెలిసింది. హైడ్రోక్వినోన్ చర్మంలో రంగు తయారు కాకుండా అడ్డుకుంటుంది. ఎక్కువ కాలం వాడితే కొందరిలో ఎదురు తిరిగి, బొగ్గు రాసినట్టు నీలి నలుపు మచ్చలు వస్తాయి. అవి ఒక పట్టాన పోవు. ట్రెటినాయిన్ పై పొరను తొందరగా రాలుస్తుంది. అందుకే ఎండకు మంట. గర్భిణులు దీన్ని వాడకూడదు. మూడోది మోమెటాసోన్, స్టెరాయిడ్. మొదటి రెండూ ముఖాన్ని మండించకుండా చల్లబరచడానికి దాన్ని కలుపుతారు. తొందరగా తెల్లగా, నున్నగా కనిపించేది చాలావరకు దాని చలవే. ముఖం పాడయ్యేదీ దాని వల్లే. ఈ కలయికకు మూలమైన సూత్రాన్ని అమెరికాలో క్లిగ్‌మన్ అనే చర్మ వైద్యుడు, ఆయన సహచరుడు కలిసి 1975లో ప్రకటించారు. మన దేశంలో తెల్లబడే క్రీముల్లో అతి ప్రసిద్ధమైనది కూడా అదే 1975లో వచ్చింది. అందులో స్టెరాయిడ్ లేదు, దానికీ దీనికీ సంబంధం లేదు. అది 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తీసేసుకుంది కూడా. మన మనసులోంచి ఆ మాట పోయిందో లేదో పెళ్ళిళ్ళ పేజీ చూస్తే తెలుస్తుంది.

స్టెరాయిడ్ అంటే విషం అని మాత్రం అనుకోవద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పారు. గజ్జి తామరల్లో కాదు గానీ, ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి జబ్బుల్లో అది లేకపోతే వైద్యమే లేదు. ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ళు అన్నదే ప్రశ్న. ఇక్కడ ఆమె చెప్పిన లెక్క ఒకటి నాలాంటివాడికి బాగా ఎక్కింది. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌తో 1967లోనే కొలిచి చూశారు. ముంజేతి మీద రాసింది ఒక వంతు లోపలికి ఇంకితే, నుదుటి మీద రాసింది 6 వంతులు, దవడ మీద రాసింది 13 వంతులు ఇంకుతుంది. చేతికి పనికొచ్చిన మందే ముఖానికి ఎందుకు చేటు చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరొక కొలత. ట్యూబు మూతి నుంచి చూపుడు వేలి చివరి కణుపు పొడవున పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ళ రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. నేను తెచ్చినవి 20 గ్రాముల ట్యూబులు 20. మొత్తం 400 గ్రాములు. అంటే 800 వేలి కొలతలు. ఈ గుణకారం నేను అక్కడే కాగితం మీద వేశాను. అమ్మాయి నా వైపు చూడలేదు. నేనూ ఆమె వైపు చూడలేకపోయాను.

మనం ఒక్కళ్ళమే కాదని కూడా డాక్టరమ్మ చెప్పారు. 2011లో మన దేశంలో పలు నగరాల చర్మ వైద్యులు కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. ముఖం మీద బాధలతో వచ్చిన 2926 మందిని పరిశీలిస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూతమందులు రాసుకుంటున్నట్టు తేలింది. వాళ్ళలో సగానికి మించి డాక్టరు చెప్పగా మొదలుపెట్టినవాళ్ళు కారు. స్నేహితులో, చుట్టాలో, షాపువాళ్ళో చెప్పారు. ఈ స్థితికి చర్మ వైద్యులు పెట్టిన పేరు 'స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం' అనే అర్థం వచ్చే మాట. వాళ్ళ అఖిల భారత సంఘం ఏళ్ళ తరబడి పోరాడింది. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు కాగితం మీద ఉంది. నేను ట్యూబులు కొన్నది అది వచ్చిన ఐదేళ్ళకు.

వైద్యం గురించి ఒక హెచ్చరిక. ఇది చదివి ఎవరైనా ఈ రాత్రే ట్యూబు చెత్తబుట్టలో పడేసి ఊరుకుంటే ఐదో రోజు మా ఇంట్లో జరిగినదే జరుగుతుంది. మానాలి, కానీ డాక్టరు చూస్తుండగా మానాలి. మా అమ్మాయికి మొదట బలం తక్కువ మందుకు మార్చి, రోజు విడిచి రోజు చేసి, తరువాత స్టెరాయిడ్ కాని వేరే పూతమందు ఇచ్చారు. వాసన లేని మాయిశ్చరైజర్, ఎండకు సన్‌స్క్రీన్, మొటిమలకు కొన్నాళ్ళు మాత్రలు. సబ్బు, సున్నిపిండి, ఆవిరి, ఫేషియల్ అన్నీ బంద్. మొదటి ఆరు వారాలు ముఖం ముందుకన్నా అధ్వాన్నంగా కనిపించింది. ఆ రోజుల్లో ఆఫీసుకు సెలవు పెట్టింది. చుట్టాల పెళ్ళి ఒకటి వచ్చినా వెళ్ళలేదు. "నల్లగా ఉన్నప్పుడే బాగున్నాను నాన్నా" అని ఒకసారి అంది.

ఈ మాటలన్నీ నా ఒక్కడి దగ్గరే ఉంచుకోవడం తప్పనిపించింది. కార్తీక మాసంలో గోపాలపురం సముద్రం దగ్గర సరుగుడు తోపులో మన వాళ్ళం వనభోజనాలకు కలుసుకుంటాం కదా. ఈసారి డాక్టరమ్మను పిలిచాను. గంటసేపు మాట్లాడతారనుకుంటే ఆడవాళ్ళు మూడు గంటలు వదిలిపెట్టలేదు. పులిహోర విస్తళ్ళు ఎండిపోయాయి.

మొదటి ప్రశ్న మా పెద్దక్కగారిది. మనవడికి పద్నాలుగేళ్ళు, మెడ చుట్టూ నల్లబడి మందంగా అయింది, ఎంత రుద్దినా మురికి పోవడం లేదని. డాక్టరమ్మ కుర్రవాణ్ణి పిలిచి చూసి, "పెద్దమ్మగారూ, ఇది మురికి కాదు, రుద్దకండి. రుద్దితే ఇంకా నల్లబడుతుంది" అన్నారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు, బరువు పెరిగినప్పుడు మెడ మీద, చంకల్లో ఇలా వెల్వెట్ గుడ్డలా నల్లబడుతుందట. ముఖానికి క్రీము వెతికే ముందు రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి, బరువు తగ్గాలి. తల్లిదండ్రుల్లో ఎవరికైనా మధుమేహం ఉంటే మరీ ముఖ్యం. కుర్రవాడు సిగ్గుపడి చొక్కా కాలరు పైకి లాక్కున్నాడు. తరువాత పరీక్షలో చక్కెర హద్దు మీద ఉందని తేలింది. ఇప్పుడు సైకిలు తొక్కుతున్నాడు.

తామర గురించి అడగనివాళ్ళు లేరు. మన సముద్ర తీరపు ఉక్క, చెమట దానికి పుట్టిల్లు. ఇందులో నాకూ వాటా ఉంది. బెల్టు కట్టే చోట దురద వస్తే నేను ఎన్నో ఏళ్ళుగా మూడు నాలుగు మందులు కలిపిన ఒక మలాము రాసుకునేవాణ్ణి. రెండు రోజుల్లో దురద ఆగేది, రెండు వారాల్లో మళ్ళీ వచ్చేది, ప్రతిసారీ వలయం ఇంకాస్త పెద్దదయ్యేది. ఆ కలగాపులగం మలాములో కూడా స్టెరాయిడే ఉంది. అది ఎరుపును, దురదను అణిచేస్తుంది. బూజు మాత్రం హాయిగా పాకుతుంది. మన దేశంలో తామర ఇప్పుడు ఒకప్పటిలా వారం మందుకు లొంగడం లేదు. తామర కలిగించే ఒక బూజు రకానికి 2020లో మన దేశం పేరు కలిసివచ్చేటట్టు ట్రైకోఫైటాన్ ఇండోటినీయే అని పేరు పెట్టారు. మామూలుగా వాడే టెర్బినఫిన్ మందుకు అది చాలాసార్లు లొంగదు. ఇదేం గొప్ప కీర్తి కాదు.

డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలు మామూలువే గానీ మనం చేయనివి. ఇంట్లో ఒకరికి ఉంటే అందరూ చూపించుకోవాలి, అందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి. తువ్వాళ్ళు వేరు. బట్టలు కలిపి నానబెట్టకూడదు, వేడినీళ్ళలో ఉతికి తిరగేసి ఎండలో ఆరేయాలి. స్నానం అయ్యాక తొడల మధ్య, నడుము చుట్టూ తుడిచి తడి లేకుండా చూసుకోవాలి. బిగుతు జీన్సు మానాలి. లంగా బొందు రోజూ ఒకే చోట బిగించి కట్టే ఆడవాళ్ళకు అక్కడ నల్లబడి తామర చేరుతుంది. వెడల్పు పట్టీ ఉన్నది కట్టుకుంటే మేలు. దురద తగ్గగానే మందు ఆపేయకూడదు, డాక్టరు చెప్పినన్నాళ్ళూ వాడాలి. నాకు మొత్తం రెండున్నర నెలలు పట్టింది.

నుదుటి మీద బొట్టు పెట్టిన చోట తెల్లబడుతోందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. అంటించే స్టిక్కర్ల జిగురులో ఉండే ఒక రసాయనం కొందరిలో రంగునిచ్చే కణాలను చంపుతుంది. వెంటనే మానేసి చూపించుకుంటే చాలామందికి రంగు తిరిగి వస్తుంది. దీన్ని బట్టి బొల్లి మాట వచ్చింది. బొల్లి అంటురోగం కాదు, కుష్ఠు అంతకన్నా కాదు. ఒంటి రక్షణ వ్యవస్థ తన రంగు కణాల మీదికే తిరగబడటం వల్ల వస్తుంది. పూతమందులు, కాంతి చికిత్స, నిలకడగా ఉన్న మచ్చలకు చర్మం అతికించే ఆపరేషన్ ఉన్నాయి. పిల్లను ఇంట్లో దాచిపెట్టి నాటు లేపనాలతో కాలం గడిపేకొద్దీ మచ్చ పెరుగుతుంది. ఇది చెబుతున్నప్పుడు గుంపులో ఒక తల్లి లేచి దూరంగా వెళ్ళి నిలబడింది. భోజనాల తరువాత డాక్టరమ్మ తానే వెళ్ళి ఆమెతో మాట్లాడటం చూశాను.

నా తల గురించి నేనే అడిగాను. పదేళ్ళుగా రంగు వేస్తున్నాను, ఈమధ్య చెవుల వెనుక దురద, రసి. నల్లరంగుల్లో చాలావాటిలో పి.పి.డి. అనే రసాయనం ఉంటుంది. ఎన్నేళ్ళు పడినా ఒకనాడు పడకపోవచ్చు. కొత్త పెట్టె తెరిచినప్పుడల్లా చెవి వెనుక కాస్త రాసి 48 గంటలు చూడాలని పెట్టె మీదే రాసి ఉంటుంది. అది కూడా నేను చదవలేదు. "అయితే హెర్బల్ నల్ల గోరింటాకు వాడతాను" అన్నాను. గోరింటాకు ఎరుపునే ఇస్తుందని, నల్లగా పండిందంటే అందులో ఇంకేదో కలిపారని గోరింటాకు చెట్టు పెరట్లో ఉన్న మనకే గుర్తుండదు. రంగు మానేశాను. కౌంటర్లో ఖాతాదార్లు ఇప్పుడు నన్ను 'పెద్దాయన' అంటున్నారు.

మా ఊరి ఠాకురాణీ యాత్ర వచ్చిన ఏడాది వేషాలు వేసేవాళ్ళ సంగతి కూడా డాక్టరమ్మ ప్రస్తావించారు. మొక్కు మొక్కే, కాదనలేం. కానీ గోడలకు, సామాన్లకు వేసే రంగు పిల్లల ముఖాలకు వేయవద్దని, ముందుగా కొబ్బరినూనె పల్చగా రాయమని, తీసేటప్పుడు కిరసనాయిలు వాడవద్దని చెప్పారు.

సన్‌స్క్రీన్ మీద నాకో వ్యాపార సందేహం ఉండేది, ఎస్.పి.ఎఫ్. అంకె పెరిగేకొద్దీ ధర ఎందుకు పెరుగుతుందని. 30 ఉన్నది కాల్చే కిరణాల్లో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం. ఆ ఒక్క శాతానికి ఎంత పెట్టాలో మీ ఇష్టం. అసలు కిటుకు పరిమాణంలో ఉంది. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడవున పిండి రాయాలి, ఆరుబయట ఉంటే రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. మనం బొట్టంత రాసి, పనిచేయలేదంటాం. గొడుగు, చేతుల చొక్కా ఉచితం. నిమ్మరసం ముఖానికి రాసి ఎండలోకి వెళ్ళవద్దు, నల్లమచ్చలు పడతాయి. పసుపు, శనగపిండి చాలామందికి హాని చేయవు. తెల్లగానూ చేయవు. ఎందుకంటే నల్లవారికీ తెల్లవారికీ రంగునిచ్చే కణాల సంఖ్య దాదాపు ఒకటే. తేడా అంతా అవి తయారుచేసే రంగు రేణువుల పరిమాణంలో, పంపకంలో ఉంది. అది పుట్టుకతో వచ్చిన లెక్క. మన సొంత ఛాయ ఎంతో తెలియాలంటే ఎండ తగలని చోట, మోచేతి పై భాగం లోపలి వైపు చూసుకోమన్నారు. ఏ వైద్యమైనా న్యాయంగా అక్కడిదాకానే తీసుకురాగలదు.

పెళ్ళి కుదిరిన అమ్మాయిలు లేజరు గురించి, పీలింగు గురించి అడిగారు. పైపెదవి మీద, గడ్డం మీద వెంట్రుకలకు లేజరు పనిచేస్తుంది. కానీ ఒక్కసారితో కాదు. వెంట్రుకలన్నీ ఒకే దశలో పెరగవు కనుక నెలకొకసారి చొప్పున ఆరు నుంచి ఎనిమిది సార్లు, తరువాత కూడా అప్పుడప్పుడు. ఒకేసారి గడ్డం మీద బిరుసు వెంట్రుకలు, నెలసరి తప్పడం రెండూ ఉంటే లేజరుకు ముందు హార్మోన్ల పరీక్ష. మన గోధుమ, నలుపు చర్మాలకు తగిన యంత్రం, తగిన చేయి లేకపోతే కాలి మచ్చ పడుతుంది. పీలింగు అంటే ఆమ్లంతో పై పొర రాల్చడం. ఇది బ్యూటీ పార్లరులో చేయించుకునే పని కాదు. బోర్డు మీద 'స్కిన్ స్పెషలిస్టు' అని ఉంటే చాలదు, చర్మవ్యాధుల్లో ఎం.డి. గానీ డిప్లొమా గానీ ఉందా అని అడగడంలో తప్పులేదు. మా దగ్గర అప్పుకు వచ్చినవాణ్ణి మేము ఎన్ని అడుగుతామో! ఏదైనా చేయించుకోదలిస్తే పెళ్ళికి ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి. పెళ్ళి వారంలో కొత్త ఫేషియల్, కొత్త బ్లీచి ఏదీ ముట్టుకోకూడదు.

తెల్లబడటానికి గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు పెద్ద ఊళ్ళలో ఎక్కిస్తున్నారని ఒక అబ్బాయి అడిగాడు. మగపిల్లలకూ ఈ పిచ్చి పట్టింది. ఆ పని కోసం అమెరికా ఔషధ సంస్థ దాన్ని ఆమోదించలేదు. దారి పొడవునా అమ్మే పేరులేని తెలుపు క్రీముల సంగతి అంతకన్నా భయంకరం. వాటిలో కొన్నింటిలో పాదరసం ఉంటుంది. కేరళలో 2021 జూలై, 2023 సెప్టెంబరు మధ్య ఒక రకం మూత్రపిండాల జబ్బు వచ్చిన 22 మందిని వైద్యులు పరిశీలించారు. వాళ్ళలో 15 మందికి ఒక ప్రత్యేక రకం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు రాసుకున్నవాళ్ళు. ముఖానికి రాసింది కిడ్నీకి చేరింది. ఇది విన్నాక తోపులో కాసేపు సముద్రపు హోరు తప్ప ఏమీ వినబడలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక, ఇదివరకు పెళ్ళిళ్ళ పేరయ్యకు ఇచ్చిన అమ్మాయి వివరాల కాగితం నకలు బయటికి తీశాను. 'ఛాయ' అన్న గడిలో నా చేతివ్రాతతోనే 'ఎరుపు' అని ఉంది. తప్పుడు వివరం మీద సంతకం పెట్టినట్టే. అమ్మాయి దాన్ని కొట్టేసి 'చామనఛాయ' అని రాసింది. మా ఆవిడ ఏమీ అనలేదు.

మొన్న ఆ మందుల షాపు ముందు నుంచి వెళుతూ ఆగాను. అదే ట్యూబు పేరు చెప్పాను. అదే కుర్రాడు అలాగే చేయి వెనక్కి చాచి తీసి ఇచ్చాడు. ఎర్ర గీత చూపించి, "ఇది చీటీ లేకుండా ఎలా ఇస్తావు బాబూ?" అన్నాను. "అందరూ తీసుకెళ్తారు సార్, మీరు కూడా తీసుకెళ్ళేవారు కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. యజమాని కోసం అడిగాను, లేడు. మళ్ళీ వెళ్ళాలి.

అమ్మాయి ముఖం మీద మంట పూర్తిగా తగ్గింది. మొటిమలు పోయాయి. బుగ్గల మీద ఎర్రదారాలు కొన్ని మిగిలాయి. వాటికి లేజరు ఉందట గానీ చర్మం ఇంకా కోలుకోవాలని, ఏడాది ఆగమని డాక్టరమ్మ అన్నారు. మళ్ళీ ఆఫీసుకు వెళుతోంది. గొడుగు మరిచిపోతే నేనే వీధి చివరిదాకా వెళ్ళి ఇచ్చి వస్తున్నాను. వచ్చే నెల పదో తారీఖున మళ్ళీ చూపించాలి.